సువర్ణనియంత్రణము: చిన్న వృత్తివానిపై శాసనభారము

శాసనము లేనిదే సంఘము నడువదు. తూనికలయందు మోసము జరుగకుండుటకును, ప్రజాధనము రక్షింపబడుటకును నిబంధనలు ఆవశ్యకములు. అయినను పదుగురు గుమాస్తాలుగల కొట్టునకు తేలికయగు నిబంధనయే ఒంటరిగా పనిచేసికొనువానికి మోయరాని బరువగును. ఇందుకు మేమొక దృష్టాంతమును చూపుచున్నాము.

1962లో చైనాతో యుద్ధము సంభవించునప్పటికి మన దేశమున విదేశీమారకద్రవ్యము కొరవడియుండెను. బంగారము దొంగచాటుగా దిగుమతియగుచుండెను. ప్రజలకు బంగారముపై మక్కువ తగ్గినచో ఈ నష్టము మానునని తలంచి, మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగానుండగా, 1963 జనవరిలో కేంద్రప్రభుత్వము సువర్ణనియంత్రణ నిబంధనలను అమలుజరిపెను. 14 క్యారెట్లకు మించిన క్రొత్త నగలు చేయరాదనుట అందు ముఖ్యాంశము.

ఈ లెక్కను విచారింతము. మేలిమి బంగారము 24 క్యారెట్లు. వాడుకలోని నగ 22 క్యారెట్లు. అనగా నూటికి సుమారు 92 పాళ్లు బంగారము. 14 క్యారెట్లలో నూటికి సుమారు 58 పాళ్లే బంగారము. తక్కినది రాగి, వెండి మున్నగు లోహములు. ఇట్టి మిశ్రమము గట్టిది. సన్నని పనికి సులభముగా లొంగదు. కొనువారును దానిని మెచ్చరైరి. పెద్ద వర్తకుడు వేరొక సరుకునకు మరలవచ్చును. కుంపటియు, ఊదుగొట్టమును, పట్టుకారును తప్ప వేరు ఆధారములేని స్వర్ణకారుని గతి యేమి? వేలకొలది కుటుంబములకు జీవనము పోయెను.

1966లో 14 క్యారెట్ల నిర్బంధము తొలగెను. 1968 నాటి శాసనమో, స్వర్ణకారునకు ధ్రువపత్రమును, వర్తకునకు లైసెన్సును, ఇరువురకును లెక్కల పుస్తకములను విధించెను. 1969లో సుప్రీంకోర్టు ఆ శాసనమును మొత్తముగా త్రోసివేయక, అందలి కొన్ని సెక్షనులు మాత్రము వ్యాపారస్వాతంత్ర్యమునకు అనుచితమైన ఆటంకములని కొట్టివేసెను. తుదకు 1990లో శాసనమే రద్దయ్యెను. దొంగరవాణా మాత్రము అన్నాళ్లును ఆగలేదు.

2021లో బంగారునగలకు హాల్‌మార్కు ముద్రను నిర్బంధము చేసినపుడు, సాలుకు 40 లక్షల రూపాయలకు లోపుగా అమ్మకముగల వర్తకులను ప్రభుత్వము మినహాయించెను. కొనువాని రక్షణయు, చిన్నవాని బ్రదుకును రెండును ఆలోచింపదగినవేయని ఇందువలన తెలియుచున్నది. మోయువాని బలమెరిగి బరువెత్తుటయే న్యాయము.

అభ్యాసము: విద్యార్థులు తమ యూరి చిన్న వృత్తివాని నొకనిని కలిసికొని, అతడు ఏయే పత్రములుంచవలయునో, వానికై సాలుకు ఎన్ని దినములు పని మానవలయునో యడిగి, వానిలో ఏది ప్రజలకు మేలుచేయునో విచారించి వ్రాయుదురుగాక.