వ్యాపారమునకును గురువు

వ్యాపారము పుట్టుకతో రావలెనే కాని నేర్పిన వచ్చునది కాదని మన తలిదండ్రులలో పెక్కుమంది తలంచెదరు. ఈ మాట నిజమా యని మన తెలుగుదేశముననే పరీక్షించి చూచిరి.

1964, 1965 సంవత్సరములలో, హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ పూనికతో, కాకినాడ వర్తకులకును చిన్న పరిశ్రమల యజమానులకును హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థయందు సుమారు పది దినముల శిక్షణ జరిగెను. ఆయన పరిశోధనలలో ఉంగరమును మేకునకు విసరు ఆట యొకటి ప్రసిద్ధము. మిక్కిలి దగ్గర నిలిచినవానికి గెలుపు సులభము. మిక్కిలి దూరమున నిలిచినవానిది అదృష్టము. తన శక్తినెరిగి నడుమ నిలుచువాడే సాహసమును లెక్కించి చేయువాడు. (ఈ ఆటలో గెలిచిన బాలురందరును వర్తకులగుదురని కాదు సుమా!) శిక్షణ పొందినవారిలో ఇంచుమించు సగముమంది పిమ్మట క్రొత్త ప్రయత్నములు చేసిరి, పొందనివారిలో నాలుగవవంతు మాత్రమే. ఈ ఫలము తన సంస్థలో తానే నిర్ణయము చేయగలవానియందు మరింత హెచ్చుగా కానవచ్చెను. ఈ కడపటి సంగతిని మేము ముఖ్యముగ నెంచుచున్నాము.

కాకినాడ ఓడరేవు. మన అనంతపురమో, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొన్న మెట్టసీమ. ఇచట శిక్షణ యేమి చేయగలదో చిన్న లెక్కతో చూతము. ఒక తల్లి చెనిక్కాయ పప్పునకును, బెల్లమునకును, వంటచెరకునకును 600 రూపాయలు వెచ్చించి, రెండు దినములు శ్రమించి, 800 రూపాయల ఉండలు అమ్మినదనుకొందము. లాభము 200 అని ఆమె సంతోషించును. గురువు రెండు ప్రశ్నలడుగును: నీ రెండు దినముల కూలి యేది? అరువు పోయినదెంత? అరువు 150 అయినచో చేత మిగిలినది 50 మాత్రమే. వాన తప్పినయేట ఆ 150 యు రాదు. కావున అరువునకు హద్దు పెట్టుము, బస్సుస్టాండువద్ద రొక్కమునకు అమ్ముము అని గురువు చెప్పును. అయితే డబ్బుపెట్టె తాళపుచెవి మగని చేతనో, వడ్డీవ్యాపారి చేతనో యున్నయెడల ఆ సలహా ఆమె చెవిలోనే నిలిచిపోవును.

1982లో ఉజిరెయందు ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, సిండికేట్, కెనరా బ్యాంకులతో కలిసి నెలకొల్పిన రుడ్‌సెటీ సంస్థకు అనంతపురమున శాఖ కలదు. అచట శిక్షణయు భోజనవసతులును ఉచితము. శిక్షణానంతరము రెండేండ్లు వెంటనుండి విచారించుట దాని పద్ధతి. తరగతి దినములకన్న ఈ రెండేండ్లే మేలని మా యభిప్రాయము. కరవు తరగతి నడచు దినములలోనే వచ్చునని నియమము లేదు గదా!