వెదురు నేల: గుణదోషములు

ప్రశ్న: చందుర్తిలో కొత్త యిల్లు కట్టుకొనుచున్నాము. గదులకు వెదురు పలకల నేల వేయింపవచ్చునా?

జవాబు: వెదురు వృక్షము కాదు, తృణజాతి, నాలుగైదేండ్లకే ముదిరి, కోసిన పిదప వేరుదుంపనుండి మరల చిగురించును గనుక, టేకు నరుకుటకన్న దీనిని వాడుట వనసంపదకు మేలనుట నిజమే. అయినను దానియందలి పిండిపదార్థమున కాశపడి పురుగు చేరును. బోరాక్సు, బోరికామ్లముల ద్రావణమున నానబెట్టి ఆరబెట్టని పలక ఎంత చవుకగా వచ్చినను కొనవలదు. ఇక చెదలు, వానకాలపు చెమ్మకు ఉబ్బుట, వేసవిలో కుంచించుకొని సందులు విడుట మీ ప్రాంతమున తప్పని చిక్కులు. నారలుగా చీల్చి జిగురుతో గట్టిగా నొత్తిన పలక తక్కినవానికంటె దృఢము. కరీంనగరపు గ్రానైటు చేరువనే యుండగా, మేదరివారి పనితనమును మెచ్చుకొను నేనును, బిందెలతో నీళ్లుపోసి కడుగు వంటింటికిని వసారాకును రాయినే వేయుమందును. పడకగదికి మాత్రము, క్రింది కాంక్రీటు పూర్తిగా ఆరిన పిమ్మట, గోడల వెంబడి కొంచెము సందు విడిచి, వెదురు పరపింపుడు.