ఇంటి పద్దు – ఊరి పద్దు

ఉగాదినాడు దేవాలయమున పంచాంగ శ్రవణము జరుగునపుడు, తమ రాశికి ఆదాయ మెంత, వ్యయ మెంత అని ప్రతివారును చెవియొగ్గి విందురు. పంచాంగము చెప్పు అంకె ఆ రాశివారి కందరికిని ఒక్కటే. ఎవరి ఇంటి ఆదాయ వ్యయములను మాత్రము వారే లెక్క కట్టుకొనవలెను.

పంచాయతీ సభ్యులకు ఈ పని కొత్తది కాదు. ఏప్రిల్ 1 నుండి మార్చి 31 వరకు ఇంటి పన్ను ఎంత వచ్చును, వీధి దీపములకు ఎంత కావలెను అని ముందుగా అంచనా వేయుచునే యున్నారు. మేము ఒక గ్రామమునకు పోయినపుడు, ఒక సభ్యుడు మురుగుకాలువ పనికైన ఖర్చును రూపాయితో సహా చెప్పెను. "మీ ఇంటి అప్పు ఎంత?" అని అడుగగా ఆయన ఇంటిలోనికి చూచెను. "అసలు లక్ష రూపాయలండీ. వడ్డీ ఎంతైనదో ఎవ్వరమూ వ్రాయలేదు" అని ఆయన ఇల్లాలు బదులు చెప్పెను. ఊరి పద్దు తెలిసిన ఇంటిలోనే ఇంటి పద్దు లేదు!

ఏటి రాబడి, నెల ఖర్చు

ఉద్యోగికి నెలనెల జీతము వచ్చును. రైతుకు ఏడాదికి ఒకటి రెండు పర్యాయములే సొమ్ము చేతికందును. ఖర్చు మాత్రము పన్నెండు నెలలును ఉండును. జూన్ నెలలో విత్తనములు, ఎరువులు, పిల్లల చదువు ఖర్చులు ఒక్కసారిగా వచ్చిపడును. అప్పటికి పంట సొమ్ము మిగులదు. అప్పు పుట్టునది అక్కడనే. కాబట్టి పంట అమ్మిననాడే జూన్ ఖర్చును వేరుగా తీసియుంచవలెను.

ఒక కుటుంబమును ఊహించుకొందము. సాగు ఖర్చులు పోను పంటపై 90,000, పాలపై 48,000, కూలిపై 42,000. వెరసి ఏటి రాబడి 1,80,000 రూపాయలు. ఇక ఖర్చు: తిండికి 60,000, చదువులకు 20,000, బట్టలకు, పండుగలకు 15,000, వైద్యమునకు 12,000, గ్యాసు, కరెంటు, ఫోనులకు 12,000, ప్రయాణములకు, బంధువుల శుభకార్యములకు 9,000, వెరసి 1,28,000. మిగులు 52,000 రూపాయలు.

వడ్డీ అను కనబడని ఖర్చు

ఈ కుటుంబమునకు నూటికి రెండు రూపాయల వడ్డీపై లక్ష రూపాయల అప్పు కలదనుకొందము. రెండు రూపాయలు స్వల్పముగా తోచును గాని అది నెలకు; ఏడాదికి 24,000 రూపాయలగును. వడ్డీ మాత్రమే చెల్లించుచు పోయినచో 4 సంవత్సరముల 2 నెలలలో అసలంత సొమ్ము వడ్డీ క్రిందనే పోవును. అసలు అట్లే నిలిచియుండును.

పద్దు వ్రాసిన ఇంట దీనికి మార్గము కలదు. వడ్డీ పోను మిగిలిన 28,000 రూపాయలను మొదటి ఏట అసలుకు జమ చేసినచో అప్పు 72,000కు దిగును. రెండవ ఏట వడ్డీ 17,280 మాత్రమే. కనుక అసలు 37,280కి తగ్గును. మూడవ ఏట అప్పు పూర్తిగా తీరును. పద్దు లేని ఇంట ఆ 28,000 చిల్లర ఖర్చులలో కలిసిపోవును.

సాగుకు చేబదులు తెచ్చుట మరియొక నష్టము. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు పంట ఋణము 7 శాతము వడ్డీకి లభించుచున్నది. గడువులోపల తీర్చినవారికి 3 శాతము తగ్గింపు కలదు. 60,000 రూపాయలకు ఆరు నెలల వడ్డీ బయట 7,200 కాగా, ఇచ్చట 1,200 మాత్రమే.

ఆపద కూడ ఒక పద్దే

ఆపద చెప్పి రాదు. సంవత్సరమునకు 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా, 18 నుండి 70 ఏండ్లవారికి, ప్రమాద మరణమునకు 2 లక్షల రూపాయలు ఇచ్చును. 436 రూపాయలతో జీవనజ్యోతి బీమాలో 18 నుండి 50 ఏండ్లవారు చేరవచ్చును. ఈ రెండును కలిసి ఏడాదికి 456 రూపాయలు. పుస్తకములో ఈ పద్దును మొదటనే వ్రాయవలెను.

పుస్తక మెవరు వ్రాయవలెను?

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఉద్యమించిన సంగతి మనకు తెలిసినదే. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధము వచ్చెను. పిమ్మట ఆ జిల్లా స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయసాగిరి. నేడు ఊరూర పొదుపు సంఘముల స్త్రీలు లెక్కలు ఉంచుచున్నారు. కావున ఇంటి పుస్తకమును ఇల్లాలి చేతికిచ్చి, జమ, ఖర్చు, నిల్వ అను మూడు గడులు గీసి, రాత్రి భోజనమైన పిదప ఇద్దరును కూర్చుండి వ్రాయుట మేలు. చదువుకొను పిల్లలచేత కూడికలు వేయించవచ్చును. అప్పును దాచక వ్రాయవలెను. దాచిన అప్పునకు వడ్డీ ఆగదు.

మంచమున్నంత వరకే కాళ్లు చాపుకొనుమని పెద్దలు చెప్పుదురు. ఆ మంచము పొడవు కొలిచి చూపునది ఈ పుస్తకమే. సభ్యులు మొదట తమ ఇంట దీనిని ప్రారంభించి, ఒక పంటకాలము వ్రాసి, పిదప గ్రామసభలో తోటివారికి చెప్పవలెనని మా మనవి.