ఇంటి నీటి గొట్టములు – హామీ పత్రములు

చెన్నపురిలో తరతరములుగ స్థిరపడిన తెలుగు కుటుంబములకు నీటి విలువను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడిక ఫలముగా కృష్ణాజలము కండలేరునుండి కాలువ వెంట నడచి 1996లో పూండి జలాశయమును చేరినది. 2019 వేసవిలో నగరమునకు నీరిచ్చు చెరువులు ఎండిపోగా, లారీల వెనుక బిందెలతో నిలిచినవారు మనలో పలువురు కలరు. అంత దూరము వచ్చిన నీరు మన గోడలోనే ఇంకిపోవుట ఎంత వింత! నష్టము నీటితో ఆగదు. గోడ చెడును, కప్పులోని చువ్వ చెడును, పిల్లల చదువునకై కూడబెట్టిన సొమ్ము మరమ్మతుల పాలగును. కావున లీకును తొలిదశలో ఎట్లు కనిపెట్టవలెనో, ఆ ఖర్చు న్యాయముగ ఎవరు భరింపవలెనో తలిదండ్రులకు విన్నవింప బూనితిమి.

ఇంటిలో గొట్టములు రెండు విధములు. మిద్దెమీది ట్యాంకునుండి కుళాయిలకు నీరు తెచ్చునవి మొదటివి. ఇవి రాత్రింబగళ్లు నీటితో నిండి ఒత్తిడికి లోబడియుండును. వాడిన నీటిని వెలుపలికి కొనిపోవునవి రెండవవి. స్నానము చేసినపుడో, పాత్రలు కడిగినపుడో మాత్రమే వీనిలో నీరు నడచును. ఈ భేదము గ్రహించినచో సగము రోగనిర్ణయము అయినట్లే. గోడ చెమ్మ ఎల్లవేళల ఒకే తీరున ఉన్నయెడల మొదటి రకమును అనుమానింపవలెను. ఇంటివారు పదిదినములు ఊరికిపోయి వచ్చునప్పటికి మరక ఆరియున్నచో దోషము మురుగు గొట్టమునందో, స్నానాలగది నేలరాళ్ల సందులందో యుండును. ఈశాన్య ఋతుపవనముల వేళ మాత్రమే పెరిగి, వేసవిలో మాయమగు మరకకు తరచుగ గొట్టములతో పనిలేదు; అది మిద్దె పగులో, వెలుపలి గోడ పగులో అయియుండును. ఈ విచారణ చేయకయే గోడ పగులగొట్టించువారు పెక్కురు. ప్లంబరు సుత్తి ఎత్తకముందు ఒక వారము ఓపికతో గమనించుట మేలు.

నీటి మీటరున్నవారు కుళాయిలన్నియు కట్టి మీటరు తిరుగుచున్నదో లేదో చూడవలెనని పుస్తకములు చెప్పును. మన ఇండ్లలో అది చాలదు. మీటరు సంపునకు ముందే యుండును గనుక, సంపు దాటిన పిదప జరుగు లీకు దానికి తెలియదు. మనకు తగిన పరీక్ష ట్యాంకు పరీక్ష. రాత్రి పండుకొనుటకు ముందు మోటారు ఆపి, కుళాయిలన్నియు కట్టి, ఒక కర్రను ట్యాంకులో నిలిపి నీటిమట్టమును గుర్తు పెట్టవలెను. తెల్లవారి ఎవరును నీరు తాకకముందే మరల కొలువవలెను. అడుగు వైశాల్యము ఒక చదరపు మీటరు గల ట్యాంకులో మట్టము ఒక సెంటీమీటరు తగ్గినచో 10 లీటర్లు పోయినట్లు లెక్క. ఈ లెక్కను అయిదవ తరగతి పిల్లవానిచేతనే చేయింపవచ్చును. మట్టము తగ్గినచో, ట్యాంకువద్ద నున్న వాల్వులను రాత్రికొకటి చొప్పున కట్టి చూచిన, దోషము వంటయింటి వరుసదో, స్నానాలగది వరుసదో తేలిపోవును.

ఫ్లష్ ట్యాంకు లీకు కంటికి కనబడదు, చెవికి వినబడదు. దానిలో కొంచెము రంగు కలిపి, అరగంట వాడకయుండి, క్రింది పింగాణి పాత్రను చూడుడు. అచట రంగు కనిపించిన, లోపలి రబ్బరు బిళ్ల అరిగినదని అర్థము. చుక్కలు కారు కుళాయిని గూడ తేలికగ చూడరాదు. దానిక్రింద పాత్ర నుంచి కొలువుడు. గంటకు ఒక లీటరు నిండినచో దినమునకు 24, ఏడాదికి 8,760 లీటర్లు! అనగా ఇంచుమించు 9,000 లీటర్ల లారీ నీరు.

గోడపై రంగు బుడగలుగా లేచుట, తెల్లని ఉప్పు పూయుట, సింకు క్రింది అరలో ముక్కవాసన, ఇవి తొలి హెచ్చరికలు. నీరు ఇటుకలోని లవణములను కరగించుకొని పైకి వచ్చి ఆవిరియై పోగా ఉప్పు మిగులును. దానిని గీకి, రంగు పూసి మరచుట ప్రమాదకరము. చెమ్మ కప్పులోని చువ్వను చేరినచో తుప్పు పుట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక లోపలినుండి నెట్టి కాంక్రీటును పెళ్లలుగా రాల్చును. పిల్లలు పండుకొను గదిలో ఇట్టి పెళ్ల వ్రేలాడుచుండగా రేపు మాపు అనుట తగదు. చెమ్మ స్విచ్చు బోర్డును సమీపించిన, ముందు మెయిను కట్టి, పిదపనే తక్కిన ఆలోచన చేయవలెను.

ఇక హామీల మాట. అమెరికాలో నున్న పిల్లలు ‘హోం వారంటీ’ యని చెప్పగా విని, మనకును అట్టిదే యున్నదని కొందరు తలంచుచున్నారు. అచట అది ఏటేట రుసుము చెల్లించు మరమ్మతు ఒప్పందము. మనిషి వచ్చిన ప్రతిసారి వేరుగ కొంత చెల్లింపవలెను. మనకు ఆ పేరున ఒక్క పత్రము కాక, మూడు వేర్వేరు రక్షణలు గలవు. వీనిని కలగాపులగము చేయుటవలననే చిక్కులు వచ్చుచున్నవి.

మొదటిది, మిక్కిలి బలమైనది, 2016 నాటి స్థిరాస్తి చట్టము. జనులు రేరా యందురు. దీని 14వ సెక్షను 2017 మే 1 నుండి అమలులో నున్నది. ఫ్లాటు స్వాధీనపరచిన తేదీనుండి అయిదేండ్లలోపల కట్టడమునందలి లోపము గాని, పనితనము, నాణ్యత, సదుపాయములందలి లోపము గాని నిర్మాత దృష్టికి తెచ్చినచో, అతడు అదనపు సొమ్ము కోరక 30 దినములలో సరిచేయవలెను. చేయనిచో కొన్నవారు పరిహారమునకు అర్హులు. ఇచట ‘దృష్టికి తెచ్చుట’ అను మాటనే గట్టిగ పట్టుకొనవలెను. మా యెరుకలోని ఒక కుటుంబమువారు స్నానాలగది లీకును గూర్చి నిర్మాత మనిషితో నాలుగవ ఏటనే ముమ్మారు నోటితో చెప్పిరి. “చూతము లెండి” అనిన జవాబుతో కాలము గడచెను. అయిదేండ్లు నిండిన పిదప, తమకు ఎవ్వరును తెలుపలేదని ఆ నిర్మాణ సంస్థ చెప్పెను. చూపుటకు ఒక్క కాగితము లేకపోయెను. రిజిస్టరు తపాలాకైన కొద్దిపాటి ఖర్చుతో తప్పిపోవు నష్టము అది.

రెండవది కుళాయి, గీజరు మొదలగు వస్తువుల తయారీదారు ఇచ్చు వారంటీ. ఇది సాధారణముగ చెడిన వస్తువునకు మాత్రమే. దానివలన చెడిన గోడకు కాదు. బిల్లు లేనిచో కార్డు కొరగాదు. ఉప్పునీటివలన కలిగిన లోపమును మినహాయించు షరతు ఉన్నదేమో చదువుకొనవలెను.

మూడవది భీమా. 2021 ఏప్రిల్ 1 నుండి ‘భారత్ గృహ రక్ష’ అను పాలసీ అమలులోనికి వచ్చినది. నీటి ట్యాంకులు, గొట్టములు పగులుటవలన, పొంగుటవలన కలుగు నష్టము దాని జాబితాలో గలదు. నెలల తరబడి ఊరుచున్న చెమ్మ ఆ జాబితాలో లేదు. కావున లీకును ఉపేక్షించి, గోడ కూలినపిదప పాలసీ తీయుట వ్యర్థప్రయాస.

లోపము కనబడినదినమే తేదీతో ఛాయాచిత్రములు తీయుడు. లీకు ఉధృతముగ నున్న వాల్వు కట్టుడు. కాని నిర్మాత చూడకమునుపు గోడ పగులగొట్టి సాక్ష్యమును చెరుపుకొనకుడు. స్వాధీనపు లేఖ, విక్రయపు ఒప్పందము, లేఖల రసీదులు ఒకే సంచిలో నుంచుడు. జవాబు రానిచో రాష్ట్ర రేరా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చును. అద్దె ఇంటివారు యజమానికి వ్రాతమూలకముగ తెలుపుట ఇరువురకును మేలు.

సొంత స్థలమున మేస్త్రీచేత ఇల్లు కట్టించుకొనువారికి రేరా అండ లేదు. మేస్త్రీతో వ్రాసికొన్న ఒప్పందమే ఆధారము. లీకు వచ్చిన ఎన్ని ఏండ్లవరకు ఉచితముగ బాగుచేయవలెనో అందు వ్రాయించుడు. గోడలోని గొట్టములపై పూత వేయకముందే చేతిపంపుతో ఒత్తిడి పెట్టించి, అది దిగకున్నదో లేదో దగ్గరనుండి చూచి, ఏ గొట్టము ఎచట పోయినదో ఫొటో తీసి ఉంచుకొనుడు.