ఎండ నేలను కప్పు మొక్కలు: ఎంపికలో గమనింపవలసిన విషయములు

తోట అనగానే మన దృష్టి పైకి పోవును. నీడనిచ్చు వేప, గోడ వెంట గన్నేరు, మెట్ల ప్రక్కన క్రోటన్లు, కుండీలలో గులాబీలు ఉన్నచో తోట ఉన్నదని తలచెదము. వీని నడుమ మిగిలిన నేల ఎవరి ఆలోచనకును రాదు. విద్యాలయముల ఆవరణలలో ఈ మిగిలిన నేలయే ఎక్కువ. వేసవిలో అది దుమ్మై తరగతి గదులలోనికి వచ్చును. తొలకరిలో బురదయై మురుగు కాలువలోనికి పోవును. హైదరాబాదు నగరమున బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి వంటి పేటల పేర్లలో తోటలు నేటికిని నిలిచియున్నవి. పేరులో ఉన్న తోటను నేలపై నిలుపుట ఎట్లు? ఎండ తగులు నేలను ఏండ్ల తరబడి కప్పియుంచు పొట్టి మొక్కలను ఎన్నుకొను విధమును ఈ వ్యాసమున మేము వివరింపదలచితిమి.

నేలకు కప్పు ఎందుకు?

వట్టి నేలపై పడిన వానచినుకు మట్టిగడ్డలను చిదిపి సన్నని రేణువులుగా చేయును. ఆ రేణువులు నేలలోని సందులను పూడ్చును. ఆరిన పిమ్మట పైన గట్టి పెచ్చు ఏర్పడును. తరువాత కురిసిన నీరు లోనికి ఇంకక, పై మట్టిని వెంటబెట్టుకొని పారిపోవును. సారమంతయు పై మట్టిలోనే ఉండును గనుక ప్రతి వానతోను నేల కొంత పేదదగును. ఆకులు నేలను కప్పియున్నచో చినుకు బలము ఆకుపైననే అణగిపోవును. నీరు మెల్లగా జారి నేలలోనికి ఇంకును. వేసవిలో అదే కప్పు మట్టి వేడెక్కకుండ కాపాడును. వెలుగు సోకని చోట వయ్యారిభామ వంటి కలుపు విత్తనములు మొలకెత్తుట కూడ తగ్గును.

ఈ పనికి పచ్చిక చాలదా అని కొందరు ప్రశ్నింపవచ్చును. గరిక మన నేలకు చిరపరిచితము. నడకకు ఓర్చుకొనుటలో దానికి సాటి లేదు. కాని వేసవిలో దానిని పచ్చగా నిలుపుటకు అగు నీటిని లెక్కింపవలెను. ఒక చదరపు మీటరు నేలపై 1 మిల్లీమీటరు లోతు నీరనగా 1 లీటరు. 100 చదరపు మీటర్ల పచ్చికకు దినమునకు 5 మిల్లీమీటర్ల చొప్పున నీరు పెట్టినచో 500 లీటర్లగును. 15 లీటర్ల బకెట్లతో కొలిచినచో 33 బకెట్లకు పైమాట. బోరుబావి ఎండు ఏప్రిల్, మే మాసములలో ఈ నీరు విద్యార్థుల అవసరములకు పోవలెనా, పచ్చికకు పోవలెనా? కావున నడకకును ఆటకును అవసరమైనంత మేరకే గరికను ఉంచి, తక్కిన ఎండ నేలకు తక్కువ నీటితో బ్రతుకు మొక్కలను వెదకుట మేలు.

ముందు స్థలమును చదువవలెను

మొక్కను చూచి స్థలమును వెదకుట సాధారణముగా జరుగు పని. మేము సూచించునది దానికి విరుద్ధమైన మార్గము: ముందు స్థలమును చదివి, పిమ్మట మొక్కను ఎన్నుకొనవలెను. ఇందుకు మూడు ప్రశ్నలు చాలును.

మొదటిది ఎండ. దినమునకు 6 గంటలు, అంతకు మించి సూటి ఎండ పడు చోటును పూర్తి ఎండ స్థలమందురు. అయితే ఈ లెక్కను ఒక్క ఋతువులోనే చూచి నిర్ణయింపరాదు. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17.4 డిగ్రీల దూరమున ఉన్నది. డిసెంబరు 22 ప్రాంతమున మధ్యాహ్నవేళ సూర్యుడు దక్షిణపు వైపు వాలియుండుటచే, 10 మీటర్ల ఎత్తుగల భవనపు నీడ ఉత్తరమునకు 8 మీటర్లకు పైగా పడును. మే రెండవ వారమునకు సూర్యుడు నడినెత్తికి వచ్చును. అటుపై ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్నవేళ కొంచెము ఉత్తరమునకే ఉండును. అనగా చలికాలమున నీడలో ఉన్న ఉత్తరపు గోడ మొదలు మే మాసమున మండుటెండలో ఉండును. డిసెంబరులో నీడ చూచి నాటిన సుకుమారపు మొక్క మేలో మాడిపోవుటకు కారణము ఇదియే.

రెండవది మట్టి. ఎర్ర చల్క నేలలో నీరు త్వరగా ఇంకును, త్వరగా ఆరును. నల్లరేగడి నీటిని పట్టి ఉంచును. వానకాలమున చిత్తడియగును, వేసవిలో పగుళ్ళు తీయును. కొత్తగా కట్టిన భవనముల చుట్టును ఉండు నేల ఈ రెండింటికిని చెందక, ఇటుక ముక్కలు, సున్నము, సిమెంటు కలిసినదై యుండును. అట్టి చోట జానెడు లోతు త్రవ్వి, రాళ్ళను ఏరి, చివికిన పశువుల ఎరువు కలిపిన పిదపనే నాటవలెను.

మూడవది నడక. మనుష్యులు దగ్గరి దారి పట్టు చోట ఎంత మంచి మొక్కయైనను నిలువదు. అచ్చట మొదట బండలు పరచి దారి ఏర్పరచి, బండల నడుమ గరికను విడుచుట వివేకము.

కొన్ని తగిన మొక్కలు

నాచుపూలు: దీనినే గడ్డి గులాబి అనియు పిలుతురు, ఉర్దూలో గుల్ దుపహరీ, అనగా మధ్యాహ్నపు పువ్వు. శాస్త్రనామము పోర్టులాకా గ్రాండిఫ్లోరా. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. గ్రంథములు దీనిని సాధారణముగా ఏకవార్షికమని పేర్కొన్నను, మంచు గడ్డకట్టని మన ప్రాంతమున కాండపు ముక్కలతో ఏండ్ల తరబడి కొనసాగింపవచ్చును. దళసరి ఆకులలో నీటిని దాచుకొనును. నీరు కరవైనప్పుడు ఈ మొక్క పత్రరంధ్రములను పగటివేళ మూసి, రాత్రి చల్లదనమున తెరచి బొగ్గుపులుసు గాలిని గ్రహింపగలదు. ఈ మితవ్యయమే దానిని మండుటెండలో నిలుపుచున్నది. పూర్తి ఎండ లేనిచో పువ్వు విప్పారదు. నీరు నిలుచు నల్లరేగడిలో మాత్రము వేళ్ళు కుళ్ళును.

బొక్కెనాకు: ఫైలా నోడిఫ్లోరా అను ఈ మొక్క చెరువు కట్టలపైన, పొలము గట్లపైన తనంత తాను పెరుగును. కణుపు కణుపునను వేళ్ళూని నేలకు అంటుకొని చాపవలె పరచుకొనును. ఎత్తు కొద్ది అంగుళములే. తెలుపు, లేత ఊదా కలిసిన చిన్న పూగుత్తులకై తేనెటీగలును సీతాకోకచిలుకలును వచ్చును. తేమకును, కొంత ఎండుదనమునకును ఓర్చును గనుక నాచుపూలు ఓడిన రేగడి నేలలో ఇది గెలుచును. కొద్దిపాటి నడకను కూడ సహించును.

విష్ణుక్రాంతము: ఎర్ర నేలల బీళ్ళలో చిన్న నీలిపూలతో కనిపించు మొక్క ఇది. వినాయక చవితి పత్రిలో దీనికి చోటు కలదు. శాస్త్రనామము ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. ఇది తీగబచ్చలి, చిలగడదుంప తీగల వలె ఇతర మొక్కలకు చుట్టుకొనదు. చిలగడదుంప కుటుంబమునకే చెందియు చుట్టుకొనని కారణముననే శాస్త్రజ్ఞులు దీని జాతికి విప్పుకొనుట అను అర్థముగల లాటిను పేరు పెట్టిరి. ఆకులపైని మెత్తని నూగు నీటి నష్టమును తగ్గించును. ఇది మెల్లగా పెరుగును. ఒంటరిగా నేలను పూర్తిగా మూయజాలదు. కావున తక్కిన మొక్కల నడుమ కలిపి పెంచవలెను. నర్సరీలలో పెద్ద నీలిపూలతో అమ్ముడగునది బ్రెజిలు దేశమునకు చెందిన దీని చుట్టము.

ఊదా ఆకుల ట్రాడెస్కాంటియా: మెక్సికో దేశమునకు చెందినది. పూర్తి ఎండలో ఆకులు ముదురు ఊదారంగున మెరయును, నీడలో పచ్చబారును. ఎంత ఎండ పడుచున్నదో ఆకు రంగే చెప్పును. కాండము పెళుసు గనుక కాలు పడని చోటనే నాటవలెను. కొందరికి దీని రసము చర్మమునకు దురద కలిగించును.

త్వరగా ప్రాకునది అంతయు మంచిది కాదు

నర్సరీవారిని అడిగినచో చవుకగా, త్వరగా నేలను కప్పునదని పసుపుపూల వెడీలియాను చూపుదురు. వారు చెప్పునది సత్యమే. చిక్కు కూడ ఆ సత్యములోనే ఉన్నది. ఉష్ణమండల అమెరికాకు చెందిన ఈ మొక్క తెగిన ప్రతి ముక్క నుండియు వేరూనును. కత్తిరించిన కొమ్మలను కాలువలో పారవేసినచో అవి చెరువు గట్టునకు చేరి, అచ్చటి బొక్కెనాకును, గరికను అణచివేయును. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2000 సంవత్సరమున ప్రకటించిన, ప్రపంచమున మిక్కిలి చెరుపు చేయు 100 పరాయి జీవజాతుల పట్టికలో వెడీలియా కలదు. మన అడవులను ఆక్రమించిన లాంటానా కమారా కూడ అదే పట్టికలో కలదు; అదియు ఒకప్పుడు పూలకొరకు తోటలలోనికి తెచ్చినదే. దాని చెల్లెలని చెప్పదగిన నేలపాకు ఊదాపూల లాంటానా ఎండకు బాగుగా ఓర్చును. ఐనను ఆస్ట్రేలియా దేశమున అది పశువుల బీళ్ళలో కలుపై కూర్చున్నది. మనము దానిని నాటినచో నాలుగు వైపుల రాతి అంచు కట్టి, అంచు దాటిన కొమ్మను ఎప్పటికప్పుడు తీయవలెను.

నేల కప్పు మొక్కయందు మనము కోరు గుణము వ్యాప్తి. కలుపు మొక్కయందు మనము ద్వేషించు గుణమును అదే. రెండింటికిని భేదము మొక్కలో కంటె హద్దులోనే ఎక్కువగా ఉన్నది. కావున ఎంత త్వరగా ప్రాకునని అడుగు ముందు, ఎచ్చట ఆగునని అడుగవలెను.

నాటు లెక్కలు

నాటుటకు తగిన కాలము తొలకరి పడిన తరువాతి జూన్, జూలై మాసములు. వానకాలమంతయు వేళ్ళు దిగుటకు చాలును. దూరమును బట్టి మొక్కల సంఖ్య మారును. 30 సెంటీమీటర్ల దూరమున నాటినచో చదరపు మీటరునకు సుమారు 11 మొక్కలు, 20 సెంటీమీటర్లకు 25, 15 సెంటీమీటర్లకు సుమారు 44 మొక్కలు పట్టును. 100 చదరపు మీటర్లకు 30 సెంటీమీటర్ల దూరముననే 1,100 మొక్కలు కావలెను. ఇన్నింటిని కొనుట విద్యాలయమునకు భారము. పైని చెప్పిన నాచుపూలు, బొక్కెనాకు, ట్రాడెస్కాంటియా ముక్కలనుండియే పెరుగును గనుక, మొదటి ఏడు ఒక చిన్న మడిలో పెంచి, రెండవ ఏడు అచ్చటి ముక్కలతో తక్కిన నేలను నింపవచ్చును.

నాటుటకు ముందు తుంగను గడ్డలతో సహా త్రవ్వి తీయవలెను. పైన కోసి విడిచినచో గడ్డనుండి మరల మొలచును. మొదటి రెండు మూడు మాసములు చేతితో కలుపు తీయక తప్పదు. ఆకులు కలిసికొన్న తరువాత శ్రమ తగ్గును. కప్పు మొక్కలు మనకు ఇచ్చునది శ్రమ లేని తోట కాదు. మొదట పడిన శ్రమ తరువాత కలిసివచ్చు తోట.

ఈ విషయమున ఆసక్తిగల విద్యార్థులకు మా సూచన ఒక్కటే. ఆవరణమంతయు ఒకేసారి నాటవలదు. ఎండ నేలలో ఒక్కొక్క చదరపు మీటరు గల నాలుగు మడులు కట్టి, నాలుగు రకములను వేరువేరుగా నాటుడు. పోసిన నీటిని బకెట్లలో లెక్క వ్రాయుడు. ఒక వానకాలమును ఒక వేసవిని గడువనిండు. మే మాసాంతమున పచ్చగా నిలిచియు, తన మడి దాటి పోని మొక్క ఏదో అదియే మీ నేలకు తగిన మొక్క.