ముందు వేళ, తర్వాత దారి

జోగిపేట



పటేల్‌గూడలో ఫ్లాటు తీసుకున్నావని, దాంతోపాటే సన్న టైర్ల సైకిలు కూడా కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సైకిలు ధర చెప్పేటప్పుడు ఆమె గొంతు సగానికి సగం తగ్గింది. నాకు మాత్రం సంతోషమే అయింది. గుట్టల కిందుగా, నది పొంటి పోయే దారులుంటే చెప్పమని అడిగావు. మెసేజీలో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

పటాన్‌చెరులో పనిచేసినన్నాళ్లూ షిఫ్టుకు సైకిలు మీద పోయినవాణ్ణి. ఆ రోడ్డు నేర్పింది ఒకటే: వేళ మారితే రోడ్డు మారుతుంది. ఐదింటికి ఒక రోడ్డు, ఐదున్నరకు ఇంకో రోడ్డు. అందుకని మ్యాపు తెరిచే ముందు గడియారం చూడు. వేళ ఖాయం చేసుకున్నాకే దారి ఎంచుకో. మిగతావన్నీ దీని వెనకాల నడిచే మాటలే.

ముందు ఫ్యాక్టరీల వేళలు తెలుసుకో. ఎక్కువ చోట్ల షిఫ్టు ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి మారుతుంది. ఆ గంటకు అటు ముప్పావు, ఇటు ముప్పావు పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం, పటాన్‌చెరు రోడ్లు షిఫ్టు బస్సులవీ, ఆలస్యమైందని ఆగమాగంగా ఉరికే బైకులవీ. మబ్బులనే లేస్తే రోడ్డు ఖాళీగా ఉంటుందని నీ దోస్తులు చెబుతారు. ఖాళీగానే ఉంటుంది, కానీ ఆ వేళకు బొంబాయి రోడ్డు మీద వచ్చే లారీ డ్రైవరు రాత్రంతా నిద్ర కాచినవాడు. నీ వెనక దీపం ఎంత మెరిసినా అతని కన్ను మూతపడితే లాభం లేదు. జనవరిలో మనకు పొద్దు పొడిచేది దాదాపు 6.45కు, మే నెలాఖరులో 5.40 ప్రాంతంలో. వెలుతురు రాకముందు హైవే ఎక్కొద్దు. ఆదివారం చాలా కంపెనీలు మూసి ఉంటాయి కాబట్టి హైవే దాటి పోయే దూరపు దారులన్నీ ఆదివారానికే పెట్టుకో.

మిగతా రోజుల్లో కాళ్లు ఆగకపోతే కొల్లూరుకు పో. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాకు 2023 అక్టోబరు 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు. అందులో నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, నానక్‌రాంగూడ వైపుది ఎనిమిదిన్నర. అక్కడ లారీ లేదు, ఎండ లేదు. గేరు మార్చడం, ఒంటి చేత్తో నీళ్ల సీసా అందుకోవడం, వెనక్కి చూసినా సైకిలు పక్కకు పోకుండా నిలుపుకోవడం అక్కడ నేర్చుకో. ఔటర్ మీదికి మాత్రం సరదాకైనా ఎక్కొద్దు. అది కార్ల వేగానికి కట్టిన రోడ్డు, రెండు చక్రాల బండ్లకు అనుమతి లేదు. నీది దాని పక్కనుండే సర్వీసు రోడ్డు.

ఇక నేల సంగతి. మన దగ్గర ఆకాశాన్నంటే కొండల్లేవు, గుట్టలున్నాయి. కానీ నువ్వు కాపురం పెట్టిన చోటు రెండు నదులకు మధ్యన ఉంది. పటాన్‌చెరు, బొల్లారం పక్కల పడిన వాన నక్కవాగులో చేరి మంజీరకు, మంజీర నుంచి కందకుర్తి దగ్గర గోదావరికి పోతుంది. దక్షిణంగా కొల్లూరు దాటి శంకర్‌పల్లి చేరావంటే అక్కడి నీళ్లు గండిపేటకు, మూసీకి, ఆఖరికి వాడపల్లి దగ్గర కృష్ణకు. నడుమనున్న మిట్ట కంటికి ఆనదు, తొడలకు తెలుస్తుంది. వంద మీటర్ల దూరానికి ఒక్క మీటరు ఎత్తు పెరిగినా రోడ్డు చదునుగానే కనిపిస్తుంది, వేగం మాత్రం పడిపోతుంది. కొత్తవాళ్లు దిగి, బ్రేకు రాసుకుంటోందేమోనని చూసుకుంటారు. నువ్వు దిగకు. ఒక గేరు తగ్గించి అదే లెక్కన తొక్కు. కల్వర్టు కనిపించిందంటే అది దిగుడుకు అడుగు, దాని తర్వాత ఎక్కుడు తప్పదు. వాగు దాటకముందే గేరు మార్చుకోవడం ఇగురం.

ఒకటో దారి మంజీర దారి. పటాన్‌చెరు, ఇస్నాపూర్, కంది మీదుగా సంగారెడ్డి. అక్కడికి దగ్గరలోనే కలబ్‌గూర్ దగ్గర మంజీర బ్యారేజీ. 1965 నుంచి హైదరాబాదు ఈ నీళ్లు కూడా తాగింది. బ్యారేజీ నుంచి పైకి సింగూరు డ్యాం దాకా నది పొడవునా 1978లో అభయారణ్యం చేశారు. మొసళ్లుంటాయి, చలికాలం దూరదేశాల పక్షులు దిగుతాయి. చెమట పట్టింది కదా అని నీళ్లలో కాలు పెట్టొద్దు. సింగూరుకు జోగిపేట రోడ్డు మీద పోయి పుల్కల్ వైపు తిరగాలి. దాదాపు 30 టీఎంసీలు పట్టే చెరువది. వానాకాలం గేట్లెత్తితే చూడాల్సిందే, కట్ట మీద నిలబడి మాత్రమే చూడు. కింద నది అంచుకు పోకు.

రెండోది నర్సాపూర్ అడవి దారి. సుల్తాన్‌పూర్ నుంచి సర్వీసు రోడ్డు మీద దుండిగల్ వైపు పోయి, గుమ్మడిదల మీదుగా నర్సాపూర్ చేరతావు. అడవిలో మలుపులున్నాయి, కోతులున్నాయి, చెట్ల నీడ ఉంది. ముందర ఏముందో కనిపించని మలుపులో ఎడమ అంచు విడవకు, దిగుడులో మలుపు రాకముందే బ్రేకు వేసుకో. మలుపు మధ్యలో వేస్తే సన్న టైరు జారుతుంది. కాళ్లు కుదిరాక ఇదే రోడ్డు మీద మెదక్ దాకా పో. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన చర్చి అక్కడుంది. కరువు రోజుల్లో జనానికి కూలి దొరకాలని పోస్నెట్ దొర కట్టించాడు. అటు నుంచి ఏడుపాయలు దగ్గరే. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి. శివరాత్రి జాతరకు మూడు రోజులు ఆ రోడ్డు జనానిది, బండ్లది. మొక్కుంటే బస్సులో పో, సైకిలును ఇంకో వారానికి దాచుకో.

మూడోది అనంతగిరి. కొల్లూరు, శంకర్‌పల్లి, వికారాబాద్. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. ఎక్కుడు పొడవైంది కాదు, కానీ అంత దూరం తొక్కివచ్చాక మొదలవుతుంది. గుట్ట కింద ఆగి ఏదైనా తిని, నీళ్లు తాగి ఎక్కు. ఆదివారం పది దాటితే పట్నం కార్లు ఆ గుట్ట మీదికి వరసకడతాయి. ఆలోపే దిగి వచ్చెయ్యి.

గాలి సంగతి చాలామంది చెప్పరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి కొడుతుంది. సంగారెడ్డికి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి. ఇది మంచిది, బలమున్నప్పుడే కష్టం తీరిపోతుంది. చలికాలం తూర్పు గాలి. పోయేటప్పుడు రెక్కలొచ్చినట్టుంటుంది, అది నీ సత్తువ అనుకుని ఇంకో పది కిలోమీటర్లు పోబుద్ధి అవుతుంది. వాపసు వచ్చేటప్పుడు బాకీ వసూలవుతుంది. చలికాలం అనుకున్న చోటే తిరుగు.

పొద్దు కూడా చూసుకోవాలి. తెల్లవారి నువ్వు తూర్పుకు వస్తుంటే ఎండ నీ కళ్లలోనే కాదు, నీ వెనక వచ్చే లారీ డ్రైవరు కళ్లలోనూ పడుతుంది. అతనికి నువ్వు కనిపించవు. అందుకే సంగారెడ్డి దాకా పోయి వెంటనే తిరగొద్దు. ఇడ్లీ తిను, జామకాయ దొరికితే కొను, పొద్దు కాస్త పైకెక్కాక బయలుదేరు. ఎండాకాలం మాత్రం తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి కాబట్టి, ఆ నెలల్లో అంత దూరమే పెట్టుకోకు.

పంట వేళలు కూడా రాసిపెట్టుకో. వానాకాలం వడ్లు, మక్కలు కోతకొచ్చినప్పుడు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో, ఊళ్ల దగ్గర సగం రోడ్డు కల్లమవుతుంది. వడ్ల మీదికి ఎక్కితే టైరు జారుతుంది, పైగా అది ఒకరి ఆరునెలల కష్టం. దిగి నడిపించుకుంటూ పో. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు, సాయంత్రం ఆ రోడ్లు వద్దు. చలికాలం చెరకు ట్రాక్టర్ల వెనక దగ్గరగా పోవద్దు. గడలు జారుతాయి.

సైకిలు సామాను నాకంటే నీకే బాగా తెలుసు. రెండు మాటలే చెబుతాను. మన పారిశ్రామికవాడ రోడ్ల అంచున లేత్ మిషన్ల నుంచి రాలిన ఇనుప ముక్కలుంటాయి, పేలిన లారీ టైర్ల సన్న తీగలుంటాయి. పంచరైతే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలితో నెమ్మదిగా తడుము. తీగ అందులోనే ఉంటే కొత్త ట్యూబు కూడా పోతుంది. రెండోది, ఆగి ఉన్న లారీకి గానీ, మలుపు తిరిగే లారీకి గానీ ఎడమ పక్కన దూరకు. అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనిపించకపోతే అతనికి నువ్వు కనిపించనట్టే. నాలుగు సెకన్లు ఆగితే పోయేదేమీ లేదు.

బ్రెవే, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సవారీ, తొక్కాలని ఉందన్నావు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై గంటలు ఇస్తారు. టీ తాగినా, పంచరు వేసుకున్నా ఆ గడియారం ఆగదు. ఫ్రాన్సులో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో 1200 కిలోమీటర్లకు 90 గంటలు. అక్కడిదాకా పోవాలనుకోవడంలో తప్పు లేదు. కానీ ఈ ఏడాదికి 200 చాలు. 300 అంటే చీకట్లో తొక్కడం తప్పదు, మన రోడ్ల మీద చీకటి ఎట్లుంటుందో పైన రాశాను. బ్రెవే గడియారం వేరు, రోడ్డు గడియారం వేరు. రెండూ పొసగని రోజు బ్రెవే వదిలెయ్యి. పేరు నమోదుకు కట్టిన పైసలు పోతే పోనీ.

మన ఊరికి సైకిలు మీదే వస్తానన్నావట. రా. కానీ మొదటిసారి బస్సులో రా. ఆదివారం పొద్దున సంగారెడ్డిలో జోగిపేట బస్సెక్కి ముందు సీట్లో కూర్చో. ఎక్కడ ఎక్కుడుంది, ఎక్కడ లారీలు ఆగుతాయి, ఎక్కడ అంచు తెగి ఉంది, నీళ్లెక్కడ దొరుకుతాయి, ఏ ఊరు ఎన్నింటికి దాటావు, అన్నీ కాగితం మీద రాసుకో. ఆ కాగితం నాకు చూపించు, ఇద్దరం కూర్చుని చూద్దాం. సైకిలు మీద రావడం ఆ తర్వాతి ఆదివారం.

మీ పెద్దనాయిన