బాపుకు ఏ కాఫీ?

మా మర్కూక్‌లో పొద్దున్నే చాయ్ తప్ప ఇంకోటి లేదు. కాఫీ అంటే చుట్టాలొచ్చినప్పుడు రెండు రూపాయల ప్యాకెట్ చింపి వేడి పాలల్లో కలిపేదే. ఇంటర్ అయ్యేదాకా నాకూ అదే కాఫీ. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్‌ది విజయవాడ. ఇంటి నుంచి స్టీలు ఫిల్టర్ తెచ్చుకున్నాడు. ఆ డికాక్షన్ వాసన ఒకసారి చూశాక నాకు పిచ్చి పట్టింది. వీడియోలన్నీ చూసి, పాకెట్ మనీ దాచి, దసరా సెలవులకు ఇంటికెళ్లేటప్పుడు ఒక ఫ్రెంచ్ ప్రెస్, అరకు అరబికా పొడి పట్టుకెళ్లాను.

నానమ్మ ఆ గాజు జగ్గును అటూ ఇటూ తిప్పి చూసి, "గీ గ్లాసుకు గన్ని పైసలు పెట్టినవా బిడ్డా?" అంది. బాపుకు మాత్రం తెగ నచ్చింది. చాయ్ మానేసి రోజుకు నాలుగు కప్పులు మొదలుపెట్టాడు. నేను హాస్టల్‌కి వచ్చేశాక కూడా పొడి పంపిస్తూనే ఉన్నాను. సంక్రాంతి తర్వాత రక్త పరీక్ష చేయిస్తే చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, పోయినసారి కంటే బాగా ఎక్కువ వచ్చింది. డాక్టర్ నూనె తగ్గించమన్నారు. కాఫీ సంగతి ఎవరూ అడగలేదు. నాకే అనుమానం వచ్చి చదవడం మొదలుపెట్టాను.

ముందు రుచి సంగతి చూద్దాం, ఎందుకంటే నేను కూడా అక్కడే మొదలుపెట్టాను. వేయించిన కాఫీ గింజలో నీళ్లలో కరిగేది దాదాపు 30 శాతం. అదంతా లాగేస్తే మంచి కాఫీ రాదు. 1950లలో అమెరికాలోని ఎంఐటీలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త లెక్క కట్టింది ఏంటంటే, పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా నీళ్లలోకి దిగితే రుచి బాగుంటుంది. తక్కువ దిగితే పులుపు, ఎక్కువ దిగితే చేదు. దీన్ని నడిపించేవి ముఖ్యంగా మూడు: పొడి ఎంత మెత్తగా ఉంది, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, ఎంతసేపు కలిసి ఉన్నాయి. మెత్తటి పొడి తొందరగా దిగుతుంది, బరక పొడికి టైం కావాలి. అందుకే ఫ్రెంచ్ ప్రెస్‌కి రవ్వలాంటి బరక పొడి, నాలుగు నిమిషాలు. ఫిల్టర్ పొడి తెచ్చి ప్రెస్‌లో వేస్తే కప్పు అడుగున బురద, నోట్లో చేదు. (నేను చేశాను.)

వేడి గురించి ఒక మాట. నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలంటారు. మా ఊరి పక్కనే ఉన్న కొండపోచమ్మ సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రం కంటే 618 మీటర్ల ఎత్తు. ఇంత ఎత్తులో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. స్టవ్ ఆపి ఒక నిమిషం ఆగితే చాలు, థర్మామీటర్ కొనక్కర్లేదు.

నా మొదటి పోలిక అయితే పూర్తిగా తప్పు. ప్రెస్‌లో వేసింది అచ్చ అరబికా, ఫిల్టర్‌లో వేసింది చికోరీ కలిపిన పొడి. ప్రోగ్రాంలో ఒకేసారి మూడు లైన్లు మార్చి, బగ్ ఎక్కడో తెలియట్లేదని ఏడ్చినట్టు! చికోరీ అసలు కాఫీయే కాదు, ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు, కెఫీన్ ఉండదు. మన దేశంలో రూల్ ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కనీసం 51 శాతం కాఫీ ఉండాలి. అంటే సగం దాకా వేరు పొడే ఉండొచ్చు. ఆ నలుపు, ఆ చిక్కదనంలో దాని వాటా చాలా ఉంది. రెండోసారి రెండింట్లోనూ ఒకే గింజ, 20 గ్రాములు. ప్రెస్‌లో 300 మిల్లీలీటర్ల నీళ్లు. ఫిల్టర్‌లో 100 పోస్తే కిందికి దిగింది 60 మాత్రమే, మిగతావి పొడే తాగేసింది. పాలు పోసేవాళ్లకు ఫిల్టరే సరి. ప్రెస్ కాఫీలో మా బర్రె పాలు పోస్తే కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకే బాపు దాన్ని పాలు లేకుండానే తాగేవాడు.

ఇప్పుడు అసలు విషయం. 1983లో వెలువడిన, నార్వేలోని ట్రోమ్సో గుండె జబ్బుల అధ్యయనం, కాఫీ ఎక్కువ తాగేవాళ్లలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని చూపించింది. అక్కడ అప్పట్లో పొడిని నీళ్లలో మరిగించి, వడబోయకుండా పైతేట తాగేవాళ్లు. తర్వాత అసలు దొంగ దొరికింది: కాఫీ గింజ నూనెలో ఉండే కాఫెస్టాల్. అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. రోబస్టాలో తక్కువ, అరబికాలో ఎక్కువ. కాగితంలో వడబోస్తే నూనె కాగితానికే అంటుకుపోతుంది. ఫ్రెంచ్ ప్రెస్ జాలికి మాత్రం రంధ్రాలు పెద్దవి, నూనె ఆగకుండా కప్పులోకి దిగుతుంది. అంటే నేను గొప్పగా తెచ్చిన గింజ, గొప్పగా తెచ్చిన జగ్గు, రెండూ ఈ లెక్కలో చివరి ర్యాంకే. స్టీలు ఫిల్టర్ నడుమ ఉంటుంది, ఒత్తుకున్న పొడి కొంత నూనెను పట్టి ఉంచుతుంది కాబట్టి. ఇక నేను వెక్కిరించిన రెండు రూపాయల ప్యాకెట్? దాంట్లో కాఫెస్టాల్ దాదాపు లేనట్టే.

బాపు రిపోర్ట్‌కి ప్రెస్ ఒక్కటే కారణం అని నేను అనను. ఆ నెలంతా ఇంట్లో సకినాలు డబ్బాల్లో ఉన్నాయి, పాల మీది మీగడ సంగతి సరేసరి. కానీ రోజుకు నాలుగు కప్పులు, మూడు నెలలు. పొడి పంపింది నేను.

ఫోన్ చేసి చెప్తే బాపు నవ్వి, "ఇంకేం తాగాల్రా మరి, ప్యాకెట్ కాఫీ నా వల్ల కాదు" అన్నాడు. కాగితం ఫిల్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ రోజుకొకటి పారేయాలి. ఆ కాగితం పద్ధతి కూడా వంటింట్లో పుట్టిందే. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి, కొడుకు నోటుబుక్కులోని అద్దుడు కాగితం చింపి, చిల్లులు పెట్టిన గిన్నెలో వేసి వడబోసింది. ఇది చెప్తుంటే పక్క నుంచి నానమ్మ, "గిట్లనే కాదురా, హోటల్ల చాయ్ గుడ్డల వడగట్టేది!" అంది. కరెక్టే. మందమైన నూలు గుడ్డ కూడా నూనెను చాలావరకు ఆపుతుంది. వాడిన ప్రతిసారీ వేడి నీళ్లలో ఉడికించి ఆరేయాలి, సబ్బు పెట్టొద్దు, లేకపోతే కాఫీకి ఆ వాసనే.

పోయిన నెల ఇంటికెళ్లి కుట్టించిన గుడ్డ సంచిలో 15 గ్రాముల పొడి వేసి, పైనుంచి కొద్దికొద్దిగా 220 మిల్లీలీటర్లు పోశాను. మూడు నిమిషాలు. ప్రెస్ కంటే పలుచగా, తేటగా వచ్చింది. బాపు ఒక గుక్క తాగి "అదే మంచిగుండె" అన్నాడు, తర్వాత కప్పు ఖాళీ చేశాడు.

వచ్చే నెల మళ్లీ రక్త పరీక్ష ఉంది. ప్రెస్ నా హాస్టల్ రూమ్‌లో ఉంది. బాపుకి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడోది అడిగితే నానమ్మ గుడ్డ దాచేస్తుందట.